మట్టి తీసే రోజు కుంకుమ

మేడమ్ పోయారన్న కబురు వచ్చేసరికి నేను తుర్కయంజాల్‌లో ఒక ఖాళీ స్థలంలో మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాను. చేతులకు గ్లవ్స్. వాటితో ఫోన్ ముట్టుకోకూడదు. డ్రైవరన్న దాన్ని నా చెవి దగ్గర పట్టుకున్నాడు. నిద్రలోనే గుండె ఆగిందట. ఎండ వాలకముందే తీసుకెళ్తారట.

మీలో చాలామందికి ఆవిడ తెలియదు. దిల్‌సుఖ్‌నగర్‌లోని మా మట్టి పరీక్షల ల్యాబ్‌లో నాకు పని నేర్పింది ఆవిడే. నాకు మాటలు తక్కువ. ఆవిడ ఎప్పుడూ దాన్ని లోటుగా చూడలేదు. "మాట్లాడకుంటే మాయె పిల్లా, గరిట కడిగినవా లేదా, గది చెప్పు" అనేవారు.

ఒక్కో చోట తవ్వాక గ్లవ్స్ మార్చాలి, మట్టి తీసే గరిట కడగాలి. "ఒక తావు మట్టి ఇంకో తావుకు చుట్టమోలె పోవద్దు." డబ్బా మూత మీద గుర్తు రాస్తే కోప్పడేవారు. "మూతలు మారిపోతయ్. డబ్బా ఒంటి మీద రాయి."

మట్టి తీసే రోజు ఆవిడ గాజులు తీసేసి, నుదుటి కుంకుమ తుడుచుకుని వచ్చేవారు. కొన్ని కుంకుమల్లో సీసం ఉంటుంది. మేము మట్టిలో వెతికేది ఎక్కువగా సీసాన్నే. ఒక్క రేణువు రాలి డబ్బాలో పడినా ఆ నేల మీద లేని నింద పడుతుంది. బస్తీల్లో ఇదంతా ఎవరికి చెప్పగలం? ఒకసారి ఒక పెద్దమ్మ ఆవిడను ఆపి అడిగేసింది.

"ఏందమ్మా, గిట్ల బోడి నుదురుతోని తిరుగుతున్నవ్? నీ పెనిమిటి...?"

"మంచిగనే ఉన్నడు పెద్దమ్మా. పొద్దుగాల ఇడ్లీలు తిని డ్యూటీకి పోయిండు. గీ మట్టికే కుంకుమ పడదు."

"మరి గీ పిల్లకు?"

"గా పిల్ల కాన్వెంటుల చదివింది. ఎప్పుడు జూసినా గింతే."

ఆటో ఎక్కాక కూడా నవ్వు ఆగలేదు నాకు.

తుర్కయంజాల్ స్థలంలో ఒకప్పుడు పాత బ్యాటరీలు పగలగొట్టే షెడ్డు ఉండేది. ఇప్పుడు గోడ అవతల అంగన్‌వాడీ. గోడ కూలిన చోటు నుంచి పిల్లలు వచ్చి అక్కడే ఆడుకుంటున్నారు. తాళ్లతో గళ్లు కట్టి, ప్రతి గడిలో తవ్వుకుంటూ వచ్చాను. చివరి గడి ఒకప్పటి షెడ్డు మూలన, ముళ్లపొదల్లో పడింది. స్థలం యజమాని చెప్పు కాలితో తన ముందున్న నేల చూపించాడు.

"గా ముండ్లల్ల ఎందుకు మేడమ్? ఇక్కడ తీస్కోండ్రి. మీవోళ్లు ఎవరో పోయిండ్రంట గద, జల్ది పోవచ్చు."

నాకూ పోవాలనే ఉంది. చివరి చూపు దక్కదేమోనని కాళ్లు నిలవడం లేదు. కానీ ఆవిడ మాట చెవిలోనే ఉంది: "మనకు నచ్చిన తావు కాదు, గడి పడ్డ తావు." డ్రైవరన్న కొమ్మలు పక్కకు లాగి పట్టుకున్నాడు. తవ్వాను. తర్వాత పరీక్షలో సీసం అన్నిటికన్నా ఎక్కువ తేలింది ఆ గడిలోనే. గోడ కూలిన చోట ఇప్పుడు రేకులు అడ్డం కట్టారు.

మట్టి డబ్బాలు సర్ది సీలు వేసిన పెట్టె ల్యాబ్‌లో అప్పగించేదాకా మా కళ్ల ముందే ఉండాలి. సాగర్ రోడ్డు ట్రాఫిక్‌లో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ప్రతి సిగ్నలూ నా మీద పగబట్టినట్టే ఉంది. ఎల్బీనగర్‌లో మేడమ్ ఇల్లు దారిలోనే. పెట్టెతోనే దిగాను.

వాకిట్లో పడుకోబెట్టారు. చేతుల నిండా ఆకుపచ్చ గాజులు, నుదుటి నిండా కుంకుమ. ముత్తైదువగా పోయిందని ఆడవాళ్లు ఆమె దగ్గరి కుంకుమ తీసుకుని ఒకరికొకరు పెట్టుకుంటున్నారు. ఒకావిడ నా నుదుటి వైపు చేయి చాపింది. వెనక్కి తగ్గాను. అందరూ నావైపే చూశారు.

"ఆగు చెల్లె," అన్నారు మేడమ్ భర్త. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. "ఆమె చేతుల మట్టి పెట్టె ఉన్నది. మా ఆమె ఉన్నా వద్దనే అంటుండె." తర్వాత నాతో, "పో బిడ్డా. ముందుగాల గది ఇచ్చి రా."

పెట్టె అప్పగించి మెట్రోలో తిరిగొచ్చేసరికి తీసుకెళ్లిపోయారు. వాకిలి కడగడానికి బకెట్టు తెచ్చి పెట్టారు, ఇంకా కడగలేదు. గేటు పక్కన నేల మీద కుంకుమ రాలి ఉంది, అడుగుల కింద నలిగి, మట్టిలో కలిసిపోతూ. అక్కడే కూర్చున్నాను. చేతికి గ్లవ్స్ లేవు. వేలి కొసతో అద్ది నుదుట పెట్టుకున్నాను. కొంచెం మట్టి కూడా వచ్చింది.