మా ఇల్లుబండి తాగిన డీజిల్

మా ఆయన భివండీలో ఏళ్ల తరబడి మరమగ్గాల మీద పనిచేసి సిద్దిపేటకు తిరిగొచ్చేటప్పుడు ఒక కోరికను కూడా వెంట తెచ్చుకున్నాడు. అక్కడున్నప్పుడు ఒకసారి సముద్రం చూడబోతే, ఒడ్డున ఎవరో విదేశీ మొగుడూ పెళ్లాలు వ్యాన్ వెనక తలుపు తెరిచి ఆమ్లెట్ వేసుకుంటుంటే చూశాడట. లోపల మంచం, పొయ్యి, కిటికీకి పూల తెర ఉన్నాయట. ఆ దృశ్యం ఆయన కళ్లలోంచి పోలేదు.

"లాడ్జి కిరాయి లేదు, హోటల్ల తినుడు లేదు. ఖర్చంటే డీజిలొక్కటే," అన్నాడు నాతో.

"ఇంత మంచిగ ఇల్లు గట్టుకొని, మల్ల పోయి డబ్బాల పండుకునుడేందిరా?" అంది మా అత్తమ్మ.

అప్పుడు తెలంగాణ ఉద్యమం ఊపు మీద ఉంది. ఏ రోజు బస్సు నడుస్తుందో, ఏ రోజు నడవదో చెప్పలేని కాలం. అందుకే సొంత బండి ఉండాలన్నది ఆయన రెండో వాదన. బస్సు కదలని రోజున మన బండి మాత్రం ఎలా కదులుతుందని నేనడిగితే, ఆ ప్రశ్న వినపడనట్టు మీసం దువ్వుకున్నాడు.

చివరికి ఒక పాత వ్యాన్ కొన్నాడు. అది అంతకుముందు ఏదో ప్రైవేటు దవాఖానలో అంబులెన్సుగా తిరిగింది. రోగిని పడుకోబెట్టే బల్ల దాంట్లోనే ఉంది కాబట్టి మంచం ఖర్చు మిగిలిందని మురిసిపోయాడు. బండికి పిస్తా రంగు వేయించాడు. రెండు వైపులా ఉన్న ఎర్ర ప్లస్ గుర్తు మాత్రం రంగు కిందనుంచి గులాబీగా తొంగిచూస్తూనే ఉంది. ఇంకో పూత వేయిద్దామంటే ఒప్పుకోలేదు.

"రంగుకు గూడ బరువుంటది. బరువు పెరిగితే డీజిల్ ఎక్కువ తాగుతది."

బండి బాగుచేసిన మెకానిక్ మా వీధి చివరి షెడ్డులో ఉండేవాడు. ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడే మంచి మనిషి. ఏ బండి గురించీ చెడ్డ మాట అనలేడు. "లీటరుకు పన్నెండు ఇస్తది భాయ్. ఏక్‌దమ్ ఫస్ట్ క్లాస్," అన్నాడు. మొదటి వారం చూస్తే ఐదు ఇచ్చింది. మా ఆయన మొహం వేలాడేసుకుని వెళ్తే, "కొత్త జాగ గద, సిగ్గుపడుతుంది. అలవాటైతే మైలేజీ అదే వస్తది," అని ధైర్యం చెప్పి పంపాడు.

బండి సిగ్గు తీరలేదు. డీజిల్ ఒక్కటే కాదు, ఇంజన్ ఆయిల్ తాగేది, రేడియేటర్‌లో బిందెడు నీళ్లు తాగేది. మా ఇంట్లో గేదె ఉన్నా అంత పని ఉండేది కాదు. ఇక ఆయన పొదుపు మొదలుపెట్టాడు. దిగుడు వస్తే ఇంజన్ ఆపేసేవాడు. హారన్ కొడితే బ్యాటరీ దిగుతుంది, బ్యాటరీ నింపడానికి ఇంజన్ కష్టపడుతుంది, దానికి డీజిల్ పోయాలి, కాబట్టి హారన్ బదులు కిటికీలోంచి తల బయటపెట్టి "ఓ అన్నా, జరుగు!" అని అరిచేవాడు. అత్తమ్మ కిటికీ తెరిస్తే ఊరుకునేవాడు కాదు.

"మూసెయ్ అవ్వా! గాలి లోపలికొస్తే బండి బరువెక్కుతది."

"మరి నేను గాలి పీల్చుకోవాల్నా వద్దా?"

"కొంచెం కొంచెం పీల్చు."

ఆ ఎండాకాలంలో మొదటి ప్రయాణం పెట్టాడు. జగదేవ్‌పూర్‌లో మా ఆడబిడ్డ ఇంట్లో భోజనం చేసి, అక్కడినుంచి యాదగిరిగుట్ట వెళ్లాలి. పొద్దున్నే బియ్యం, పప్పు, చింతపండు, గ్యాస్ పొయ్యి ఎక్కించాం. నేను పెట్టిన పచ్చడి జాడీని ఆయన చేత్తో ఎత్తి చూసి, బరువని దించేశాడు. ఆయన అటు తిరగగానే అత్తమ్మ దాన్ని కొంగు కింద పెట్టుకుని ఎక్కేసింది.

ఊరు దాటి చాలా దూరం పోయాం. అంటే, కాలం ప్రకారం చాలా దూరం. సైకిల్ మీద పాల క్యాన్లు కట్టుకున్న ఒకాయన మమ్మల్ని దాటి, వెనక్కి తిరిగి జాలిగా చూసి వెళ్లాడు. డీజిల్ వాసనకు, ఉక్కకు అత్తమ్మకు తల తిరిగింది. తడిగుడ్డ నుదుటి మీద వేసుకుని, జాడీని పొట్ట మీద పెట్టుకుని, పైన దుప్పటి కప్పుకుని బల్ల మీద పడుకుంది. జాడీ కనపడకూడదని కప్పుకున్న దుప్పటి అది.

ఒక ఊరి దగ్గర రాస్తారోకో జరుగుతోంది. రోడ్డుకు అడ్డంగా షామియానా వేశారు. అటూ ఇటూ లారీలు ఆగిపోయాయి. మేమూ ఆగాం. ఇంజన్ ఆపితే డీజిల్ మిగులుతుందని మా ఆయన కొంచెం సంతోషంగానే ఉన్నాడు. అంతలో ఒక యువకుడు మా బండి పక్కనున్న గులాబీ రంగు ప్లస్ గుర్తును చూశాడు.

"అంబులెన్స్! అంబులెన్స్ వచ్చింది! జరుగున్రి, తొవ్వియ్యున్రి!"

పదిమంది పరుగెత్తుకొచ్చారు. ఒకతను కిటికీలోంచి లోపలికి చూసి గతుక్కుమన్నాడు. "అయ్యో, పెద్దవ్వకు పొట్ట ఉబ్బిపోయింది!"

మా ఆయన చేతులూపుతూ, "ఏం లేదు తమ్మీ, మేము యాత్రకు పోతున్నం," అన్నాడు.

"యాత్ర అంటవేందన్నా! గట్లనొద్దు. ఇంకా పాణమున్నది గద!"

"ఆ యాత్ర కాదు..."

"నువ్వు ధైర్యం చెయ్యి. వదినా, నువ్వు ఏడ్వకు," అన్నాడతను నాతో. నేను ఏడవడం లేదు, నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. అది వాళ్లకు ఏడుపులాగే కనపడింది.

ముందుకు వెళ్తే ఇంకా ఎన్నో చోట్ల రోడ్లు మూసి ఉన్నాయని, వెనక్కి సిద్దిపేట దవాఖానకే తీసుకుపోవాలని వాళ్లే తేల్చేశారు. బండిని చేతులతో ఎత్తినంత పని చేసి వెనక్కి తిప్పారు. రెండు మోటార్ సైకిళ్లు ముందు, రెండు వెనక. ముందున్నవాళ్లు చేతులు ఊపుతూ "జోరుగ రా అన్నా!" అని తొందరపెడుతున్నారు. ఎప్పుడూ నలభై దాటని మా ఆయన ఆ రోజు అరవైలో తోలాడు. డీజిల్ ముల్లు కిందికి దిగుతుంటే ఆయన మొహం చూడలేకపోయాను. నిజంగా ఎవరో పోతున్నట్టే ఉంది.

"ఏందిరా కొడకా, గింత జోరు? అప్పుడే గుట్ట వచ్చిందా?" అని అత్తమ్మ లేవబోయింది.

వెనక మోటార్ సైకిల్ మీదివాడు అద్దంలోంచి చూసి, "లేవకు అవ్వా! కదిలితే పాణానికే మోసం!" అని కేకపెట్టాడు. ఆమె భయపడి మళ్లీ పడుకుంది.

సిద్దిపేట పొలిమేరలోకి వచ్చాక ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. డీజిల్ అయిపోయింది. ఆ రోజు బంద్ అట, పెట్రోల్ బంకులన్నీ మూసి ఉన్నాయి. ఇక్కడైనా మమ్మల్ని వదిలేస్తారనుకున్నాను. వాళ్లు మోటార్ సైకిళ్లు పక్కన పెట్టి, దారిన పోయేవాళ్లను కూడా పిలిచి, తోయడం మొదలుపెట్టారు. "జై" అని ఒకడంటే "తెలంగాణ" అని మిగతావాళ్లు ఒక్క తోపు తోసేవారు. బండి హాయిగా దొర్లుతోంది. స్టీరింగ్ పట్టుకున్న మా ఆయన మొహంలో మెల్లగా వెలుగొచ్చింది.

"ఏమే, చూసినవా? చుక్క డీజిల్ లేకుంట గింత దూరం వచ్చినం!"

దవాఖాన ముందు స్ట్రెచర్ తెచ్చారు. వెనక తలుపు తీసేసరికి అత్తమ్మ దుప్పటి తోసేసి, పచ్చడి జాడీ చంకన పెట్టుకుని, తనంతట తాను దిగింది. బండి తోసి చెమటలు కక్కుతున్న పిల్లలంతా నోళ్లు తెరిచారు.

"అవ్వా, నీకేం కాలేదా?"

"నాకేమైతది బిడ్డా? ఆకలైతుంది."

మా ఆయన జాడీ వైపు చూస్తున్నాడు. ఎవరికైనా కోపం వస్తుందేమోనని నాకు భయం వేసింది. అయితే అక్కడున్న చిన్న వయసు డాక్టరమ్మ, వచ్చినామెను ఊరికే పంపడమెందుకని బీపీ చూసింది. చాలా ఎక్కువగా ఉంది. ఇంతకాలం తెలియకుండా తిరుగుతున్నారా అని మమ్మల్ని కోప్పడి, మాత్రలు రాసి, ఉప్పు తగ్గించమని చెప్పి, ఆ జాడీని తన బల్ల మీదే పెట్టించుకుంది.

పిల్లలు ఆ మాట వినగానే ఎగిరి గంతేశారు. "మేము తోసుకొచ్చినందుకే దొరికింది!" అని ఒకరి భుజాలు ఒకరు తట్టుకున్నారు. వాళ్ల కష్టం వృథా కాలేదు. అత్తమ్మకు మాత్రం తన పచ్చడి పోయిందన్న బాధే మిగిలింది.

"ఆకలన్నవు గద అవ్వా, బండ్ల పొయ్యి ఉన్నట్టున్నది," అన్నాడు ఒకడు. ఆ సాయంత్రమే దగ్గర్లోని దీక్షా శిబిరం పక్కకు బండిని తోశారు. నేను బియ్యం కడిగాను, వాళ్లు ఉల్లిగడ్డలు కోశారు. అప్పట్లో రోడ్ల మీదే వంటావార్పూ చేయడం నిరసనలో భాగం. పొయ్యి, గిన్నెలు, నీళ్ల డ్రమ్ము అన్నీ ఒకేచోట ఉన్న మా బండి అందరికీ తెగ నచ్చింది. ఒక్క రోజని ఉంచిన బండి నెలల తరబడి అక్కడే ఉండిపోయింది. మా ఆయన రోజూ పోయి టైర్లలో గాలి చూసి, నలుగురికీ చాయ్ పోసి వచ్చేవాడు. కదలని బండికి ఖర్చు ఉండదని ఆయనకు అప్పుడు తెలిసింది. మనిషి బాగా ఒళ్లు చేశాడు కూడా.

శిబిరం ఎత్తేశాక బండిని మా ఇంటి ముందుకు తోసుకొచ్చాం. రాష్ట్రం వచ్చాక ఒక మిర్చీ బజ్జీల ఆయన దాన్ని అడిగాడు. ఇంజన్ వద్దు, డబ్బా చాలన్నాడు. ట్రాక్టర్ తెచ్చి, మోకు కట్టి, లాక్కుపోయాడు. మా ఆయన గేటు పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. అత్తమ్మ వచ్చి పక్కన నిలబడింది.

"ట్రాక్టర్ల డీజిల్ ఎవరు పోసిన్రురా?" అని అడిగింది.

"వాళ్లే పోసుకున్నరవ్వా."

"అయితే మంచిదే," అని ఆమె లోపలికి వెళ్లి, నన్ను చాయ్ పెట్టమంది.