గంజి గుడ్డ, మారండహళ్ళి గాలి

ఇన్నేళ్ళుగా నేను అడుగుతున్న ఒక్క మాటకు ఎవరూ జవాబు చెప్పలేదు. ఉత్తరాలు రాశాను, మనుషులను పట్టుకుని అడిగాను. వినీ విననట్టు తల తిప్పుకున్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. చదివేవాళ్ళలో ఆ ఆఫీసరూ ఉండవచ్చు.

డెబ్బైల చివర్లో, మేముండే తమిళ ప్రాంతంలో, మారండహళ్ళి బయట ఒక బండమీద సర్వేవాళ్ళు గుడారం వేశారు. పైన తిరిగే ఉపగ్రహాలు పంపే రేడియో సంకేతాలను పట్టి, ఆ బండ ఎంత ఎత్తున ఉందో తేల్చడం వాళ్ళ పని. ధర్మపురిలో ఫిజిక్సు డిగ్రీ పూర్తి చేసి ఖాళీగా ఉన్న నన్ను తాత్కాలికంగా తీసుకున్నారు. పని బాగుంటే ఖాయం చేస్తామన్నారు. మా ఇంట్లో అందరం ఆ మాట మీదే ఆశ పెట్టుకున్నాం.

ఉపగ్రహం వచ్చిన ప్రతిసారీ నేను గాలి ఒత్తిడి, వేడి, తేమ చూడాలి. సంకేతం గాలిలో కొంచెం ఆలస్యమవుతుంది. తేమ ఎక్కువైతే ఇంకాస్త. ఆ ఆలస్యాన్ని లెక్కగట్టి తీసేయడానికి వాళ్ళ దగ్గర ఒక గణిత నమూనా ఉండేది. చంద్రుడు లాగితే గట్టి నేల కూడా పొంగి కుంగుతుందని, దానికి ఇంకో నమూనా ఉందని మా గుడారం ఆఫీసరే చెప్పాడు. అది విన్న రోజు నుంచి నాకు కాలి కింద నేల మీద కూడా నమ్మకం పోయింది. రాత్రిళ్ళు పక్క మీద అటూ ఇటూ దొర్లేవాణ్ణి.

తేమ చూడడానికి రెండు థర్మామీటర్లు. ఒకదాని బుడ్డికి మెత్తటి గుడ్డ చుట్టి, కొసను నీళ్ళగిన్నెలో ఉంచుతారు. గాలి ఎంత పొడిగా ఉంటే నీరు అంత త్వరగా ఆరి, పాదరసం అంత కిందికి దిగుతుంది. ఒకరోజు కాకి ఆ గుడ్డను గూటికి పీక్కుపోయింది. పక్క చేనివాళ్ళు మనవాళ్ళే, తెలుగువాళ్ళు. ఆ ఇంటి అవ్వను పాత పంచె ముక్క ఒకటి అడిగాను.

"ఏమప్పా, సర్కారోళ్ళు మన చేని కాడికి వచ్చినారు. వాళ్ళ చేతిలో పాతగుడ్డ పెడితే నా మర్యాద ఏమయ్యేది?" అని, పెట్టెలోంచి కొత్త పంచె తీసి, కొసకు పసుపు రాసి, చింపి ఇచ్చింది. గంజి పోని గుడ్డ. ఎంత బతిమాలినా పాతది ఇవ్వలేదు.

ఉడకబెట్టి తెస్తానన్నాను. ఉపగ్రహం వచ్చే వేళైందని ఆఫీసరు దాన్ని నా చేతిలోంచి లాక్కుని తానే చుట్టాడు. గంజి గుడ్డ నీళ్ళు పీల్చలేదు. రెండు థర్మామీటర్లూ ఒకే అంకె చూపించాయి. అంటే, ఎండకు నేల బీటలువారిన ఆ ఊళ్ళో గాలి నిండా నీరున్నట్టు లెక్క. ఆ సంగతి చెప్పాను. ఆయన కోస్తా మనిషి. నవ్వాడు.

"నీ తెలుగు వింటుంటే నీ ఫిజిక్సు మీద కూడా అనుమానం వస్తోందయ్యా."

"నా తెలుగు ఎట్లన్నా ఉండనీ సార్. గుడ్డ నీళ్ళు తాగలేదు, అది చూడండి."

చూడలేదు. సాధనాన్ని ముట్టుకోవద్దని హుకుం వేశాడు. గుడారం ఎత్తేదాకా ఆ పసుపు కొస అలాగే వేలాడింది.

లెక్క తేలాక, గుడ్డ మారకముందు వచ్చిన ఎత్తుకూ మారాక వచ్చిన ఎత్తుకూ జానెడు తేడా కనబడింది. పెద్ద అధికారి జీపులో వచ్చి కారణం అడిగాడు. నేను నోరు తెరిచేలోపే, కుర్రవాడు రీడింగులు అజాగ్రత్తగా తీశాడని మా ఆఫీసరు చెప్పేశాడు. పెద్దాయన నా వైపు చూడనైనా లేదు. టీ బాగుందన్నాడు, వెళ్ళిపోయాడు.

నన్ను మళ్ళీ పిలవలేదు. తర్వాత ఎక్కడ ఉద్యోగానికి పోయినా ఆ అజాగ్రత్త మాట నాకంటే ముందే చేరేది.

కొంతకాలానికి, అదే సర్వే ఆఫీసులో లెక్కలు చేసే ఒకతను పాలక్కోడు బస్టాండులో కనిపించాడు. చివరి లెక్కలో నా రీడింగులు పక్కన పడేసి, దేశమంతటికీ కలిపి కట్టిన సగటు గాలి అంకెలను నమూనాలో వేశారని చెప్పాడు. నిజమో, నన్ను వదిలించుకోవడానికి అన్నాడో తెలియదు. నిజమైతే నా రీడింగుల వల్ల నష్టమేమీ లేదు. మరి నింద ఎందుకు ఉంచారు? అబద్ధమైతే ఆ బండకు ఇవాళ్టికీ ఉన్నది గంజి గుడ్డ చెప్పిన ఎత్తే.

సార్, క్షమాపణ నాకు అక్కర్లేదు. ఆ రీడింగులు వాడారా, తీసేశారా? ఆ గుడ్డ చుట్టింది ఎవరో పెద్దాయనకు ఒక్కసారైనా చెప్పారా? ఇకనైనా జవాబు చెప్పండి.