సరుగుడు లారీ చాటున

పచ్చి సరుగుడు కట్టెల లారీ పక్కనుంచి వెళ్తే, ఆ వగరు వాసనకు ఇప్పటికీ నా కాళ్లు బిగుసుకుంటాయి.

అప్పుడు నాకు ఏడేళ్లు. ఆ ఉదయం మైపాడులో బస్సు తప్పిపోయింది. తొమ్మిదింటికల్లా అక్క నెల్లూరులో ఎస్సెల్సీ పరీక్షకు కూర్చోవాలి. నాయన పాత మోటారుసైకిల్ తీశాడు. ట్యాంకు మీద నేను, వెనక అక్క. పెట్రోలు అడుగంటింది, నెల్లూరు దాకా బంకు లేదు, పడమటి గాలి ఎదురు కొడుతోంది.

దారిలో సరుగుడు లారీ కనబడగానే నాయన బండిని దాని వెనక్కి చేర్చాడు. గాలి హోరు ఆగిపోయింది. కట్టెల మొనలు నా ముఖానికి రెండు బారల దూరంలో ఊగుతున్నాయి.

“దీని చాటున పోతే మనకు పెట్రోలు మిగులుద్ది అబ్బయ్యా,” అన్నాడు నాయన.

లారీ పెట్రోలు దొంగిలిస్తున్నామనుకున్నాను. అంతలో లోడు మీద కూర్చున్న క్లీనరు మమ్మల్ని చూసి, చేతులూపుతూ ఏదో అరిచాడు. దొరికిపోయామని ఏడుపొచ్చింది.

“నేను కాదన్నా, మా నాయనే తీసుకుంటా ఉండాడు,” అని అరిచాను.

“ముందర బర్రెలు ఉండాయి, పక్కకు పోండయ్యా,” అన్న కేక ఈసారి వినబడింది. నాయన బండిని ఇసుకలోకి తిప్పాడు. లారీ కీచుమంటూ ఆగింది. ఒక కట్టె మొన నాయన చొక్కా భుజాన్ని చీల్చింది.

“టైమైపోతా ఉంది, పద నాయనా,” అంది అక్క.

నెల్లూరు మొదట్లో పెట్రోలు అయిపోయి బండి ఆగిపోయింది. అక్క పరుగెత్తి పరీక్ష అందుకుంది.

ఇంజనీరింగులో చేరాక రెండు లెక్కలు వేశాను. ఆ చాటున మిగిలిన పెట్రోలు అరమైలుకు సరిపోతుంది. లారీ వెనక అంత దగ్గర్లో బ్రేకు వేసి ఆగడం ఎవరి వల్లా కాదు. నాయనకు మొదటి జవాబు మాత్రమే చెప్పాను.