నడుమ నుంచి చదివిన పుస్తకం

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలమంతా మా అమ్మ గోడవైపు తిరిగి పడుకునే ఉంది. తమ్ముణ్ణి తెస్తానని దవాఖానకు వెళ్లిన మనిషి ఒట్టి చేతులతో తిరిగొచ్చింది. తమ్ముడేడని ఇంట్లో అందరినీ అడిగాను. అమ్మమ్మ వాడి కోసం మెత్తగా ఉతికి మడతపెట్టిన పాత చీరల గుడ్డలన్నీ అటకమీదికి ఎక్కించేసింది. దాంతో నాకు అర్థమైంది. అమ్మ ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని పెద్దవాళ్లు గుసగుసలాడుకునేవారు. పెచ్చులూడిన ఆ గోడను అమ్మ ఎంతగా చూసిందంటే, ఇంకొన్నాళ్లు చూస్తే అవతలి గదిలోని గడియారం కనిపించేదే.

అంతకుముందు మా అమ్మ చదవని కాగితం వరంగల్‌లో లేదు. మిర్చిబజ్జీల పొట్లం విప్పితే కాగితం అమ్మకు, బజ్జీలు మాకు. దానిమీద కథ సగంలో ఆగిపోతే, మిగతా సగం దొరుకుతుందేమో చూడమని మళ్లీ అదే బండి దగ్గరికి నన్ను తరిమేది. అందుకే మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ల నాన్న, ఒకరోజు "దానికో పుస్తకం తెద్దాం, నడువు బిడ్డా" అని నన్ను సైకిల్ ఎక్కించుకున్నాడు.

తాతయ్య ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి కొనే వ్యాపారి. ఆయన ఇక్కడ తుమ్మితే కాజీపేటలో రైలు గార్డు పచ్చజెండా ఊపేవాడని చెప్పుకునేవారు. అక్షరం ముక్క రాదు. అదొక లోటని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

హనుమకొండలో ఒక సందు చివర ఉండేది ఆ పుస్తకాల దుకాణం. ఇద్దరం లోపలికి దూరితే, ఒకరు ఊపిరి వదిలాకే రెండోవారు పీల్చుకోవాలి. నేల నుంచి పైకప్పు దాకా పుస్తకాలు. కిందివి లాగితే కప్పు కూలుతుందనే భయంతో యజమాని వాటిని అమ్మడమే మానేశాడట. తాతయ్య అట్టల వంక చూడనైనా చూడలేదు. "పైన మంచియి పేరుస్తరు బిడ్డా, తాలుకాయలు నడుమల దాస్తరు" అన్నాడు. మిర్చి బస్తాలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి, నడుమ నుంచి పిడికెడు తీసి, తుంచి, వాసన చూసి గాని ఆయన బేరానికి దిగడు. ఇక్కడా అదే పద్ధతి. పుస్తకాన్ని సరిగ్గా మధ్యకు విరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని, "చదువు" అంటూ నా చేతికిచ్చాడు.

"ఓ పెద్దాయనా, ఇది మిర్చి యార్డు గాదు! అట్టలు ఊడుతయి, జర మెల్లగ!" అని మొత్తుకున్నాడు యజమాని. మాటకొక తుమ్ము. తాతయ్య చేతుల నిండా మిరప ఘాటే మరి.

మొదటి పుస్తకం నడుమ ఒక ముసలాయన చచ్చిపోతున్నాడు. పక్కన పెట్టించాడు. రెండోదాంట్లో ఒకామె వానలో నిలబడి ఏడుస్తోంది.

"ఎందుకేడుస్తాంది?"

"నాకేం తెలుసు తాతా, నడుమల నుంచి చదువుతాన గద!"

అదీ వద్దన్నాడు. ఆ తర్వాత తీసిన ప్రతిదాని నడుమా ఒక దీపం ఆరిపోవడమో, ఒక ఉత్తరం తడిసిపోవడమో. తెలుగు రచయితలంతా ఏకమై నడిమి పేజీల్లో శ్మశానం కట్టారేమో అనిపించింది నాకు. యార్డు మొత్తాన్ని గడగడలాడించే తాతయ్య, అక్కడి ముక్కాలిపీట మీద కూలబడ్డాడు. "ఏడుపు లేని పుస్తకమే లేదా సేటూ? నా బిడ్డ కోసం" అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

యజమాని మొత్తుకోవడం ఆపేశాడు. నిచ్చెనెక్కి ఒక పాత నవల దించాడు. తాతయ్య దాన్నీ నడిమికి విరిచాడు. అందులో ఒకామె, సర్పంచి కండువా నోట కరుచుకుని పంచాయితీలోకి దూరిన తన మేక వెంట పడి పరుగెత్తుతోంది. నేను నవ్వు ఆపుకోలేక చదవలేకపోయాను. యజమాని నవ్వి, తుమ్మి, మళ్లీ నవ్వాడు. "మొదటి పేజీ గూడ జర చూడుర్రి" అన్నాడు.

"పైపైన చూసుడు మా ఇంటావంటా లేదు" అని తాతయ్య లేచాడు.

ఇంటికొచ్చి అమ్మ మంచం మీద కూర్చుని, దుకాణంలో చదివిన చోటి నుంచే మొదలుపెట్టాను. తాతయ్య గడప దగ్గర నిలబడి, మేక రాకముందే నవ్వేస్తున్నాడు. అమ్మ వీపు కదల్లేదు. మేక దొరికింది, కండువా దొరకలేదు, ఆ అధ్యాయం అయిపోయింది. అప్పుడు గోడతో చెప్పినట్టుగా అంది అమ్మ: "ఈమె ఎవరే? ముందుగాల ఏమైంది?"

కథ వినే మనిషి ఎవరైనా తర్వాత ఏమైందని అడుగుతారు. మేం నడుమ మొదలుపెట్టడం వల్ల అమ్మ వెనక్కి, అంతకుముందు ఏమైందని అడగాల్సి వచ్చింది. ఎన్నాళ్లకో విన్న మాట. సంబరంగా మొదటి పేజీ తిప్పాను. అక్కడ, ఆ మేక యజమానురాలే, తన పసిబిడ్డను మట్టిలో పెట్టి ఇంటికి తిరిగొస్తోంది.

అక్కడే ఆగిపోయాను. ఏమైందని తాతయ్య కళ్లతో అడిగాడు. నేను పుస్తకం మూయబోయాను. అమ్మ ఇటు తిరిగింది. చెయ్యి చాపి పుస్తకం తీసుకుంది. ఆ పేజీ చదివింది, తర్వాతి పేజీ చదివింది, ఆ తర్వాత ఏడ్చింది. భద్రకాళి చెరువు మా ఇంట్లోకి మళ్లినట్టు ఏడ్చింది. తాతయ్య గడప దాటి లోపలికొచ్చాడు. "నా చేతులకు మిర్చి ఉండె బిడ్డా, దాని ఘాటు" అన్నాడు, తన కళ్లు తుడుచుకుంటూ.

మసక చీకట్లో అమ్మ లైటు వెయ్యమంది. చాలాసేపటికి ముక్కులోంచి ఫుస్సుమని గాలి వదిలింది. మేక ఉన్న అధ్యాయం దగ్గరికి వచ్చి ఉంటుంది. దాన్ని నేను నవ్వుగానే జమకట్టాను. మర్నాడు మళ్లీ గోడవైపే తిరిగి పడుకుంది. కానీ చేతిలో పుస్తకం ఉంది.

ఇప్పటికీ ఏ పుస్తకాల దుకాణానికి వెళ్లినా నా బొటనవేలు ముందు నడిమి పేజీలోకే దూరుతుంది. యజమానులు గుర్రుగా చూస్తారు. నేను పేరైనా వినని రచయితలు చాలామంది అలాగే మా ఇంటికి వచ్చారు. అయితే నడుమ ఎవరైనా పగలబడి నవ్వుతుంటే, మొదటి పేజీ తిప్పేముందు కాస్త జంకుతాను. మనుషుల్లోనూ అంతే. నలుగురినీ నవ్వించేవాళ్లెవరైనా తారసపడితే నవ్వడమంతా నవ్వి, వాళ్లు వెళ్లేలోపు పక్కకు పిలిచి మెల్లగా అడుగుతాను: ముందుగాల ఏమైంది?