బియ్యం డబ్బాలో తాళాలు

ముబీనా టీచరు ఎవర్నీ ఓ పట్టాన నమ్మదు. తెనాలి నుంచి రేపల్లె బడికి రోజూ పాసింజరులో వెళ్లి వస్తూ, వారానికి రెండు డిటెక్టివ్ నవలలు నమిలేసే మనిషి. మొదటి అధ్యాయంలో కాఫీ తెచ్చిచ్చిన వంటమనిషిని కూడా వదిలిపెట్టేది కాదు.

"ఈమధ్య రాసేవాళ్లకి ఓపిక లేదు బాబాయిగారూ! హంతకుడు చివరి పది పేజీల్లో ఎక్కణ్ణుంచో ఊడిపడతాడు. అది మోసం కాదా?" అని ఎదురుసీటు వేంకటసుబ్రహ్మణ్యంగారిని నిలదీసేది.

ఆయన రేపల్లె కోర్టులో గుమాస్తా. "తీర్పు అప్పుడే వద్దమ్మా, వాయిదా వేద్దాం," అనేవారు. దేనికైనా ఆయన మాట అదే.

2006 వేసవిలో పుట్టింటికి బాపట్ల వెళ్లినప్పుడు బస్టాండు కొట్లో ఓ కొత్త నవల కొంది. రచయిత్రి పేరు ఎప్పుడూ విననిది. ముప్పయ్యో పేజీలో ఆమె చెయ్యి ఆగిపోయింది. హత్యకు గురైన దర్జీ ఇంట్లో గడియారం పదిహేను నిమిషాలు ముందుంటుంది. బీరువా తాళాలు బియ్యం డబ్బాలో ఉంటాయి. రెండూ తన ఇంటి సంగతులే. పైగా తన భర్త ఫరూక్ కూడా దర్జీయే!

తెనాలి రాగానే తాళాల చోటు మార్చింది. అత్త నాగూర్‌బీ పక్కింటావిడతో మాట్లాడుతుంటే తలుపు చాటున నిలబడి వింది. ఫరూక్ ఏదో రాసుకుంటుంటే వెనకనుంచి తొంగిచూసింది.

"ఏం రాస్తున్నారు?"

"జాకెట్టు కొలతలు. ఏంటి, నవల రాస్తున్నాననుకున్నావా?"

ఆ మాటతో అనుమానం రెట్టింపైంది. పెన్సిలు పట్టుకుని నవల మళ్లీ మొదటినుంచి చదివింది. అందులో ఇన్‌స్పెక్టరు ఎవరు తొందరపెట్టినా ఒకటే అంటాడు: "తీర్పు అప్పుడే వద్దు, వాయిదా వేద్దాం."

బడులు తెరిచిన రోజు రైల్లో ఆ పుస్తకం తీసి గుమాస్తాగారి ఒళ్లో పెట్టింది. "ఇది మీరే రాశారు."

ఆయన చుట్టూ చూశారు. "గట్టిగా అనకమ్మా. ఆడపేరుతో అయితేనే వేస్తానన్నాడు పబ్లిషరు."

"మా ఇంటి తాళాల సంగతి మీకెవరు చెప్పారు?"

"నువ్వేనమ్మా! దొంగలు కలలో కూడా బియ్యం డబ్బా వెతకరని గొప్పగా చెప్పావు. రైలు అందదేమోనని గడియారం ముందుకు తిప్పానని కూడా."

ఇంటిల్లిపాదినీ అనుమానించిన ముబీనాకి తన నోటిమీద మాత్రం అనుమానం రాలేదు. సిగ్గూ కోపమూ కలిసి పది రోజులు వేరే పెట్టె ఎక్కింది. అక్కడ పుస్తకాల ఊసెత్తే నాథుడే లేడు. పదకొండో రోజు వచ్చి పాత సీట్లోనే కూర్చుంది.

"హంతకుడు మేనల్లుడని నలభయ్యో పేజీలోనే పట్టేశాను," అంది ముభావంగా.

ఆయన సంచిలోంచి కాగితాల కట్ట తీసిచ్చారు. "అయితే ఇది ప్రెస్సుకి వెళ్లకముందే చూడు."

రెండో పేజీలో రోజూ రైల్లో తిరిగే ఓ టీచరమ్మ వచ్చింది. ముబీనా తలెత్తింది. "ఈవిడ ఎవర్నీ చంపదు కదండీ?"

"చదువమ్మా," అన్నారాయన కిటికీ వైపు తిరిగి.

ఆమె గబగబా కట్ట అడుగుకు వెళ్లింది. చివరి అధ్యాయం అందులో లేదు.