మల్‌సిమ్ కడిగిన నాచు

జాంగ్‌హంగ్ ఊరి కొండవాలులో ఉన్న పుట్టగొడుగుల షెడ్డు వీ అనే ఇంటిపేరున్న కుటుంబానిది. అందులో పుట్టగొడుగులు పెంచే సంచుల్లోకి రంపపు పొట్టు, తవుడు, నీళ్ళు కలిపే పని మాత్రం పెద్దకోడలు ఓక్‌ర్యేది. మరొకరిని చెయ్యి పెట్టనిచ్చేది కాదు. చిన్నకోడలు మల్‌సిమ్ కాపరానికొచ్చి పదకొండేళ్ళయింది. ఇప్పటికీ సంచులు మొయ్యడం, పొయ్యిలో కట్టెలు ఎగదొయ్యడం, నేల ఊడవడమే ఆమె వంతు. ఒక్కసారైనా తన చేత్తో కలపాలని ఆమె కోరిక.

మల్‌సిమ్ పుట్టింది దీవిలో. పుట్టింటివాళ్ళు పులుసు కాచుకునే దసిమా అనే వెడల్పాటి సముద్రపు నాచును తాళ్ళకు పెంచి, ఎండబెట్టి అమ్మేవాళ్ళు. కత్తిరించగా మిగిలిన తుక్కును వాళ్ళమ్మ వెల్లుల్లి మళ్ళలో వేసేది. ఆ మళ్ళు ఊళ్ళో అందరివాటికంటే ముందు పచ్చబడేవి. ఆ బలం పుట్టగొడుగులకు మాత్రం ఎందుకు పట్టదని మల్‌సిమ్ ఆలోచన.

ఆ వసంతంలో పుట్టింటి నుంచి రెండు గోతాల తుక్కు తెప్పించింది.

"అక్కా, ఒక్క అర నాకివ్వు. నలభై సంచులు కలుపుతా."

"పుట్టగొడుగులకు పులుసు కాచి పోస్తావా?" అంది ఓక్‌ర్యే.

"పోసి చూస్తే పోయేదేముంది?"

"నలభై సంచులు పోతాయి. సరే, కలుపు. పాడైతే మాత్రం ఆ తుక్కు మళ్ళీ షెడ్డు గడప తొక్కకూడదు. కలుపుతానని నువ్వూ అడక్కూడదు."

మల్‌సిమ్ నాచును దంచి పొట్టులో కలిపి, సంచుల్లో నింపి ఆవిరి పట్టి, చల్లారాక విత్తనం వేసింది. పన్నెండు రోజులకు పక్క అరల్లో సంచులు సగం దాకా పుట్టగొడుగు విత్తనం వేసే తెల్లటి పోగులతో నిండాయి. ఆమె సంచుల్లో విత్తనం చుట్టూ బొటనవేలి గోరంత తెలుపు కనిపించి, అక్కడే ఆగిపోయింది.

"ఏం, మునిగిందా నీ పడవ?" అని దాటిపోయింది ఓక్‌ర్యే.

మల్‌సిమ్ ఒక సంచి విప్పి వాసన చూసింది. కుళ్ళలేదు. చిటికెడు పొట్టు నాలుక మీద వేసుకుంది. ఉప్పగా ఉంది.

దీవిలో ఎవరూ దసిమాను కడగరు. దానిమీది తెల్లటి పొడిలోనే రుచంతా ఉంటుందని, గుడ్డతో ఒకసారి తుడిచి కుండలో వేస్తారు. కడిగిన ఆడపిల్లకు వాళ్ళమ్మ చేత చీవాట్లు ఖాయం. ఆ అలవాటు చొప్పున మల్‌సిమ్ ఉప్పుతో సహా దంచేసింది.

"అక్కా, తప్పు నాదే. కడగలేదు."

"ఉప్పులో పుట్టినదానివి, నీకు తెలిసేసరికి ఇన్నాళ్ళు పట్టిందా?"

"నీ అర వద్దు. పది సంచులు మా వంటింటి వెనక పెట్టుకుంటా. సోయా గింజలుడికించే బానలో ఆవిరి పడతా."

"షెడ్డు గడప అన్నాను. నీ వంటింటి మాట అనలేదుగా," అంది ఓక్‌ర్యే.

మల్‌సిమ్ నాచును వాగునీళ్ళలో నానబెట్టింది. నీళ్ళు మార్చినప్పుడల్లా ముక్క నమిలి చూసింది. మూడోసారికి ఉప్పు పోయింది. ఫోనులో విన్న తల్లి నొచ్చుకుంది.

"రుచంతా వాగులో కలిపావా? నేను నేర్పింది ఇదేనా?"

"తినేది మనం కాదుగా అమ్మా."

ఎండబెట్టి దంచి, ముందు వేసినదాంట్లో సగమే వేసింది. అయిదు సంచుల్లో నాచు వేసి, అయిదింటిని మామూలుగా వదిలేసింది. పక్కపక్కన లేకపోతే తేడా ఎలా తెలుస్తుంది? నాచు సంచులు పద్దెనిమిదో రోజుకు అడుగుదాకా తెల్లబడ్డాయి. మిగతావాటికి ఇరవై మూడు రోజులు పట్టింది.

మొదటి కోతనాడు ఓక్‌ర్యే పిలవకుండానే వచ్చింది. సంచులను బొటనవేలితో నొక్కింది. రెండు రకాల పుట్టగొడుగులూ చెరో చేతిలో పట్టుకుని బరువు చూసింది. నాచువే బరువు తూగాయి. నాచుదాని కాడ విరిచి వాసన పీల్చింది.

"నీళ్ళెన్ని పోశావు?"

"నువ్వు పోసేదానికంటే చెంబు తక్కువ. నాచు నీళ్ళు పట్టి ఉంచుకుంటుంది."

ఈ సంగతి ఓక్‌ర్యేకు తెలియదు. తెలియదని ఆమె అనలేదు.

"మంగళవారం రెండొందల సంచులు కట్టాలి. కలపడం నువ్వు చూసుకో. సంచులు నేను పడతాను."

మంగళవారం ఓక్‌ర్యే సంచి మూతి తెరిచి పట్టుకుని కూర్చుంది. నీళ్ళు చాలవేమోనని రెండుసార్లు నోటిదాకా వచ్చినా మింగేసింది. మల్‌సిమ్ గుప్పెడు పొట్టు తీసి పిండింది. ముద్ద కట్టింది, చుక్క రాలలేదు; తడి సరిగ్గా సరిపోయింది.

"కాస్త ఇటు వంచు అక్కా," అంది. ఓక్‌ర్యే వంచింది.