పిచ్చేశ్వరరావు మాస్టారి ఎనభై రెండున్నర

పిచ్చేశ్వరరావు మాస్టారికి మనిషి కనిపిస్తే ముందు ఎత్తాలి. ఎత్తి బరువెంతో చెప్పాలి. ఆ తరవాతే "బావున్నారా" అని అడగడం. బందరులో నమస్కారం పెడితే తిరిగి పెట్టేవాళ్ళున్నారు, చూసీ చూడనట్టు పోయేవాళ్ళున్నారు. నమస్కారం పెట్టిన పాపానికి నడుం పట్టుకుని గాల్లోకి లేపే మనిషి మాత్రం ఈయనొక్కరే.

ఆయన డ్రిల్లు మాస్టారు. సాయంత్రాలు మా వీధి చివర రేకుల షెడ్డులో వ్యాయామశాల నడిపేవారు. కుర్రతనంలో నూట నలభై కిలోలు తలపైకి ఎత్తిన ఫొటో ఆ షెడ్డు గోడకి ఉండేది. నేను టైలర్ని. ఆయన ఇంటి పక్కనే నా కొట్టు. అంచేత రోజుకి కనీసం రెండుసార్లు నా కాళ్ళు నేలమీంచి లేచేవి.

ఒకసారి పెడన నుంచి పెళ్ళికొడుకు సూటు కుట్టించుకోడానికి వచ్చాడు. నేను ఛాతీ కొలత తీస్తున్నాను. మాస్టారు వెనకనుంచి వచ్చి అతన్ని అమాంతం లేపి, "అరవై ఒకటి" అని దింపి వెళ్ళిపోయారు. పెళ్ళికొడుకు మొహం తెల్లబోయింది.

"ఏవండీ, సూటుకి ఈ కొలత కూడా కావాలా?"

"సూటుకి అక్కర్లేదు బాబూ. ఆయనకి కావాలి" అన్నాను.

ఈ పిచ్చి ఆయనకి పుట్టుకతో వచ్చింది కాదు. తొంభై అయిదో సంవత్సరంలో పట్టుకుంది. ఇనుము ఎత్తీ ఎత్తీ చేతులకి తీట పుట్టిందనుకున్నాం. పొద్దున్న ఏడింటికి వీధి ఆ చివర మొదలుపెట్టి, పాలవాణ్ణి, పోస్టుమేన్‌ని, నన్ను, అరుగుమీద పేపరు చదువుకునే ప్రతి పెద్దమనిషినీ ఎత్తుకుంటూ వచ్చేవారు. "చిన్నబాబూ, యాభై నాలుగు. నిన్నటికంటే అరకిలో తగ్గావు. రాత్రి అన్నం మానేశావా?" అనేవారు. ఇంట్లో మా ఆవిడకి తెలియని సంగతులు ఆయన చేతులకి తెలిసిపోయేవి.

అందరిలోకీ ఆఖర్న అంకమ్మగారు. ముప్పై ఏళ్ళు గిలకలదిండి నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని బజారుకి నడిచిన మనిషి. పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. నోరు మాత్రం పడిపోలేదు. కొడుకు బోటుమీద సముద్రంలోకి పోతే వారానికిగానీ రాడు. కోడలు రత్నం గాలేస్తే పోయేంత మనిషి, మాస్టారి లెక్కలో ముప్పై ఎనిమిది. మాస్టారు తిన్నగా గదిలోకి వెళ్ళి అంకమ్మగారిని మంచంమీంచి రెండు చేతులా ఎత్తి, "ఎనభై రెండున్నర!" అని అరిచేవారు.

"ఎనభయ్యే! ముప్పై ఏళ్ళు తక్కెడ పట్టినదాన్ని, నాకు చెప్తావా మాస్టారా?"

"నా చేతులు అబద్ధం చెప్పవు అత్తా."

"నీ చేతులకేం తెలుసు, నీ మొహం!"

ఆ గొడవ గదిలో మొదలై వసారా దాటి అరుగుదాకా సాగేది. అది తెగేసరికి ఆవిడ అరుగుమీద కుర్చీలో ఉండేది. వీధిలో పోయే ప్రతి చేపల గంపనీ ఆపి, "చచ్చిన చేపకి ఈ ధరేంటే?" అని సాయంత్రందాకా దెబ్బలాడేది. చీకటి పడే ముందు మాస్టారు మళ్ళీ వచ్చేవారు. "పొద్దున్న పొరపాటు పడ్డానేమో, ఇంకోసారి చూద్దాం" అనేవారు. మళ్ళీ ఎత్తడం, మళ్ళీ తిట్లు, ఈసారి అరుగునుంచి గదిదాకా. మా వీధిలో రేడియో ఎవరూ కొనకపోవడానికి ఇదే కారణం.

తొంభై ఎనిమిది ఆగస్టులో, ముసురు పట్టిన ఒక పొద్దున్న, మా వీధిలోకి హెడ్ గుమాస్తా గంగాధరరావుగారు కాపరానికి దిగారు. నిండైన మనిషి. సామాను ఇంకా బండిమీదే ఉంది. మాస్టారు వెళ్ళి నమస్కారం పెట్టి ఎత్తేశారు. గాల్లోకి లేచాక ఆ పెద్దమనిషి, "అయ్యో, నాకు చక్కిలిగిలండీ!" అని మెలికలు తిరుగుతూ నవ్వడం మొదలెట్టారు. ఎండు కొమ్మ విరిగినట్టు ఒక చప్పుడు నా కొట్టులోకి వినబడింది. మాస్టారు ఆయన్ని జాగ్రత్తగా కిందికి దింపారు. "నూట ఎనిమిది" అన్నారు. అప్పుడు బురదలో పడిపోయారు.

విజయవాడలో వెన్నుకి ఆపరేషన్ చేశారు. నాలుగు నెలలు చెక్కబల్లమీద పడుకోమన్నారు. "నీళ్ళబిందె కూడా ఎత్తకండి. మళ్ళీ అక్కడే దెబ్బ తగిలితే రెండు కాళ్ళూ పడిపోతాయి" అని డాక్టరు చెప్పి పంపించారు.

ఆ ఏడాది మా వీధి చచ్చిపోయినట్టుండేది. పొద్దున్న ఏడవుతుంది, అందరి కాళ్ళూ నేలమీదే ఉంటాయి. షెడ్డు తాళం తుప్పు పట్టింది. అంకమ్మగారి అరుగుమీద ఖాళీ కుర్చీ వానకి తడుస్తూ ఉండేది. గంగాధరరావుగారు ప్రతి ఆదివారం ఆపిల్ పళ్ళు తెచ్చి, లోపలికి రాలేక, మాస్టారి గుమ్మంలో నిలబడి, "నేను నవ్వకుండా ఉండాల్సిందండీ" అని వెళ్ళిపోయేవారు. ఆ తరవాత ఆయన ఎక్కడా నవ్వగా చూసినవాళ్ళు లేరు.

నేను వెళ్తే మాస్టారు గోడవైపు తిరిగి పడుకునుండేవారు. మనిషి సగం అయిపోయారు. ఒకటే అడిగేవారు.

"అంకమ్మత్త బయటికొచ్చిందా?"

"రాలేదండీ. వాళ్ళబ్బాయీ నేనూ చెరో పక్కా పట్టుకుంటామంటే తిట్టి పంపేసింది. 'నలుగురూ కలిసి మోసే రోజు ఎలాగూ వస్తుంది, అప్పుడే తొందరేంట్రా' అంది."

మాస్టారు కళ్ళు మూసుకున్నారు. పోట్లాడే మనిషి లేక బెంగపెట్టుకున్నారనుకున్నాను. నా బుర్ర అంతవరకే పనిచేస్తుంది.

మరుసటేడు ఎండాకాలంలో కర్ర పట్టుకుని నా కొట్టుకొచ్చారు. "నడుముకి దళసరి కాన్వాసు బెల్టు కుట్టాలి చిన్నబాబూ. నాలుగు వరసలు" అన్నారు.

"ఎందుకూ?"

"బరువులెత్తాలి."

నాకు ఒళ్ళు మండిపోయింది. "కుట్టను. కాళ్ళు పోగొట్టుకుంటానంటే సాయం చెయ్యమంటారా? మెడల్స్ లేక ఇంట్లో అన్నం ఉడకడం లేదా?" అని నానా మాటలూ అన్నాను. ఆయన కర్ర తీసుకుని వెళ్ళిపోయారు. సాయంత్రం వాళ్ళావిడ జానకమ్మగారు వచ్చింది. "కుట్టండి అన్నయ్యా. కుట్టకపోయినా ఎత్తుతారు" అంది. ఆవిడ కళ్ళు చూసి కుట్టాను. కుడుతున్నంతసేపూ తిట్టుకుంటూనే ఉన్నాను.

ఖాళీ రాడ్డుతో మొదలుపెట్టారు. నూట నలభై ఎత్తిన మనిషి ఖాళీ రాడ్డు పట్టుకుని వణుకుతుంటే చూడటం ఎంత కష్టమో నన్నడగండి. ఇరవై, ముప్పై, నలభై. ఒక వారం ముందుకి, రెండు వారాలు మంచంమీద. అరవై దగ్గర నడుం పట్టేసింది. రాడ్డు వదిలేసి నేలమీద కూర్చుని ఏడ్చారు. ఓదార్చడం చేతగాక, వాన పడుతున్నా షెడ్డు బయటికొచ్చి నిలబడ్డాను.

"ఎంతవరకు పోతారండీ ఇలా?" అని ఒకరోజు అడిగాను.

"ఎనభై రెండున్నర."

"అదేం లెక్క? ఎనభయ్యో, నూరో అనక?"

ఆయన మళ్ళీ రాడ్డుమీదికి వంగారు. మీకు ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది. మూడేళ్ళు రోజుకి రెండుసార్లు విన్న అంకె అయినా నాకు వెలగలేదు. నేను టైలర్ని, నాకు అంగుళాలు తప్ప ఏవీ గుర్తుండవు.

డిసెంబరులో గుడివాడలో పెద్దవయసువాళ్ళకి బరువులెత్తే పోటీలు పెట్టారు. "మన షెడ్డులో ఇనప బిళ్ళలు తుప్పు తినేసి బరువు తగ్గిపోయాయి. అక్కడైతే సరైన బిళ్ళలుంటాయి" అని మాస్టారు బయల్దేరారు. తోడు నేను. ఆయన రాడ్డు దగ్గరికి వెళ్తుంటే నేను ఆయన్ని చూడలేదు, ఆయన కాళ్ళనే చూస్తున్నాను. కాళ్ళు వణికాయి, నిలబడ్డాయి. ఎనభై రెండున్నర పైకి లేచింది. ఇంకా రెండు అవకాశాలున్నాయని జడ్జీలు పిలుస్తున్నా, "చాలండీ" అని దండం పెట్టి బెల్టు విప్పేశారు. అందరికంటే ఆఖరొచ్చారు. బస్సు గుడ్లవల్లేరు దాటేదాకా నేను సణుగుతూనే ఉన్నాను. ఆయన కిటికీలోంచి చేలు చూస్తూ నవ్వుకుంటున్నారు.

మర్నాడు పొద్దున్న సరిగ్గా ఏడింటికి బెల్టు బిగించుకుని నా కొట్టు ముందు ప్రత్యక్షమయ్యారు. నన్నెత్తబోతే వెనక్కి దూకాను.

"మీ నడుంతో ఆటలాడకండి మాస్టారూ!"

"నిన్నెత్తకపోతే ఆవిడ ఎత్తనివ్వదురా."

"ఎవరు?"

"అంకమ్మత్త. పక్షవాతం వచ్చిన కొత్తల్లో బయట కూర్చోబెడతానంటే, 'నామీద జాలేంటి, పో' అంది. జాలి కాదత్తా, వీధిలో అందరి బరువూ చూస్తున్నాను, నిన్నొక్కదాన్నే వదిలేస్తే ఏం బావుంటుందని ఒక మాటనేశాను. అన్నాక మరి అందర్నీ ఎత్తాలి కదా!"

ఒక ముసలావిణ్ణి గాలికి కూర్చోబెట్టడానికి ఈ మనిషి మూడేళ్ళు వీధి మొత్తాన్ని మోశాడు.

"ఆ నడుంలో ఒక్క మనిషిని ఎత్తే సత్తువే ఉంది. దాన్ని నామీద తగలెయ్యకండి" అని చెప్పి, అంకమ్మగారింటికి వినబడేలా నేనే "యాభై నాలుగు!" అని గొంతు చించుకున్నాను. తరవాత పరిగెత్తి ఇంటింటికీ సంగతి చెప్పాను.

గదిలో అంకమ్మగారు మంచానికి అతుక్కుపోయి ఉంది. కళ్ళు మాత్రం గుమ్మంమీదే ఉన్నాయి.

"వీధిలో అందర్నీ చూశావా?"

"చూశారు పిన్నీ, నన్ను కూడా" అన్నాను. జీవితంలో ఇంత శుభ్రంగా అబద్ధమాడింది లేదు.

మాస్టారు వంగారు. రత్నం చీరకొంగు నోట్లో కుక్కుకుంది. అంకమ్మగారు గాల్లోకి లేచింది. పదహారు నెలలు మంచంలో పడున్న మనిషి ఎంత అరిగిపోయిందో మాస్టారి చేతులకి తెలిసింది. మెల్లిగా, "డెబ్భై ఆరు" అన్నారు.

"ఎనభై!" అని గర్జించింది అంకమ్మగారు. "పడుకుని పడుకుని నీ కాటా పాడైంది మాస్టారా. బాగుచేయించుకో!"

గొడవ వసారా దాటింది. అరుగెక్కింది. ఆవిడ కుర్చీలో కూర్చుని వీధిని ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసి, "సాయంత్రం సరిగ్గా చూడు" అంది.

ఇప్పుడు మా వీధి పద్ధతి మారింది. పొద్దున్న ఏడింటికి మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని ఊరికే నడిచి వస్తారు. గుమ్మాల్లో నిలబడి మేమే అరుస్తాం. "అరవై ఆరు!" "డెబ్భై ఒకటి!" "యాభై నాలుగు!" అన్నిటికంటే గట్టిగా గంగాధరరావుగారు, నవ్వు ఆపుకోలేక, "నూట ఎనిమిది!" అంటారు.

"నూట పదికి తక్కువుండడు" అంటుంది లోపలినుంచి అంకమ్మగారు.